పద్దెనిమిది గిగాలు, అరగంట

నాకు కోపం ఎక్కువ. మా పేటలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, నేను కాదనను. కానీ ఈ మధ్య ఒక ఆదివారం నాకొచ్చిన కోపం అలాంటిలాంటిది కాదు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరి మీద కోపమో తేలకపోవడంతో అది ఇంకా పెరిగింది. కార్ఖానా సేటు మీదా, కంప్యూటర్ దుకాణం అతని మీదా, ఆ యంత్రాలకు కొలతలు పెట్టిన మహానుభావుల మీదా, లేక నా మీదా? తాపీగా రాద్దామనే కూర్చున్నాను గానీ, పెన్ను పట్టుకోగానే మళ్ళీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఇరవై రెండేళ్ళు షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర ఒక చద్దర్ల కార్ఖానాలో డిజైన్లు గీశాను. చద్దర్ మీద పువ్వు కనబడినా, తీగ కనబడినా, దాన్ని ముందు ఎవరో ఒకరు గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపి గీసి ఉంటారు. గడి నింపితే ఆ చోట పోగు పైకి లేస్తుంది, ఖాళీగా వదిలితే లేవదు. అంతే ఆ పని. కానీ కళ్ళు పోతాయి, మెడ పోతుంది, ఒక్క గడి తప్పితే ఆకు కొన వంకర పోతుంది. నేను గీసిన గ్రాఫులు వెయ్యి దాకా ఉన్నాయి. బయటివాళ్ళొస్తే సేటు నన్ను చూపించి "గీమె మా కంప్యూటర్ చూస్తది" అనేవాడు. డిజైన్లు ఎవరివని ఎవరైనా అడిగితే "మా కార్ఖానవే" అనేవాడు. విని ఊరుకునేదాన్ని. ఎందుకూరుకున్నానో నాకిప్పుడు అర్థం కాదు.

ఆ కాగితాలు అటకెక్కి చెదలు పడతాయేమోనని భయమేసి, రోజూ అన్నం తినే గంటలో ఒక్కొక్కటి స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచాను. ఏడాదికొక ఫోల్డర్ చొప్పున ఒకటి నుంచి ఇరవై రెండు దాకా నంబర్లు వేశాను. మంచి పనే చేశాను, ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో పైరేకు కారి అటక మీది కాగితాలన్నీ ఒక ముద్దయిపోయాయి. అప్పటి నుంచి నా ఇరవై రెండేళ్ళూ ఆ ఒక్క పాత డబ్బాలోనే ఉన్నాయి. ఇంకో కాపీ తీసుకుంటానంటే సేటు ఒప్పుకోలేదు. డిజైన్ బయటికి పోతే పక్క కార్ఖానా వాడు దింపేస్తాడని ఆయన భయం. పెన్‌డ్రైవ్ పట్టుకుని లోపలికి రానిచ్చేవాడు కాదు.

చివరికి ఆయన కొడుకులు ఈ ధంధా మాకొద్దన్నారు. సాంచెలు, అంటే మరమగ్గాలు, వేరే ఊరి వాళ్ళకు అమ్మేశాడు. సాంచెల్ని నడిపే కార్డు ఆ కంప్యూటర్ లోపలే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ కూడా వాటితో పాటే పోతుంది. ఇదే సమయంలో దాజీ పేట్‌లో నేతగాళ్ళ సొసైటీ ఒకటి కొత్త సాంచెలు దించింది, వాళ్ళకు డిజైన్ గీసే మనిషి కావాలి. అడిగితే సొసైటీ పెద్దాయన ఒకటే మాటన్నాడు. "శనివారం రా అమ్మా. నీ పని తెచ్చి సూపియ్యి. పని సూసే పెట్టుకుంటం, మాటలు ఇని కాదు." నా వయసు నలభై ఏడు. హెల్పర్‌గా కాకుండా, డిజైనర్‌గా, నా పనికి నా పేరుతో కూర్చునే కుర్చీ అదొక్కటే. దానికి కావాల్సింది ఆ డబ్బాలోంచి బయటికి రావాలి.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు సేటు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, సౌదా అయిపోయింది. ట్రక్కు రెండింటికి వస్తది, అంత ఎత్తుకపోతరు. నీ గీతలేమన్న కావాల్నంటే వచ్చి తీస్కపో. తాళం వాచ్‌మన్ దగ్గర పెట్టిన."

గీతలట. అక్కడే ఒళ్ళు మండింది. అయినా ఇన్నాళ్ళకు కాపీ తీసుకోనిస్తున్నాడు కదా అని గొంతు తగ్గించి అన్నాను.

"అరగంట పని సేట్. ఒంటిగంటకు వచ్చి తీస్కపోత."

నా నోటితో నేనే అన్నాను ఆ మాట. ఇప్పుడు తల్చుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆ అరగంట ఎలా వచ్చిందో చెప్పాలి, లేకపోతే నన్ను మరీ తెలివితక్కువదాన్ని అనుకుంటారు. సాంచె మీద రేకు బిళ్ళ ఒకటి ఉంటుంది, నిమిషానికి ఎన్ని పేకలు, అంటే అడ్డపోగులు, నేస్తుందో దాని మీద కొట్టి ఉంటుంది. ఆ అంకెను షోలాపూర్‌లో ఏ నేతగాడూ నమ్మడు. పోగు తెగుతుంది, కండె మీది నూలు అయిపోతుంది, కరెంటు పోతుంది. అందుకని బిళ్ళ మీద అంకెలో నాలుగో వంతు తీసేసి మిగిలిందే లెక్క కడతాం. నూట అరవై అని ఉంటే నూట ఇరవై. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగిన లెక్క ఇది, వేళ్ళు కూడా అక్కర్లేదు.

కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకం సొరుగులోనే ఉండేది. యూఎస్‌బీ, సెకనుకు పన్నెండు మెగాబిట్లు, అని అందులో అచ్చేసి ఉంది. నేను చదివాను. చదవలేదని అబద్ధమాడను. మెగా అంటే మెగా అనుకున్నాను. పన్నెండులో నాలుగో వంతు తీసేశాను, తొమ్మిది. నా స్కాన్లు పద్దెనిమిది గిగాలు, అంటే పద్దెనిమిది వేల మెగాలు. తొమ్మిదితో భాగిస్తే రెండు వేల సెకన్లు. ముప్పై మూడు నిమిషాలు. పైగా నాలుగో వంతు ముందే తీసేశాను కదా, ఎంత హుషారుదాన్నో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ రోజు మాకు నీళ్ళొచ్చే రోజు. జోడ్‌భావి పేట్‌లో నీళ్ళ రోజంటే ఇల్లు కదలడానికి లేదు. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి డ్రమ్ములు, బిందెలు, చివరికి టిఫిన్ డబ్బాలు కూడా నింపుతాం. పదకొండున్నర దాకా అదే సరిపోయింది. అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఆమె చుట్టిన బీడీలు పక్కింటామెకు అప్పజెప్పి, కంపెనీలో ఎలా ఇవ్వాలో చెప్పి, నాలుగు ముద్దలు తిని, కొత్తగా కొన్న హార్డ్ డిస్క్ సంచిలో వేసుకుని బయల్దేరాను. కార్ఖానాకు చేరేసరికి ఒంటిగంట దాటి పదిహేను నిమిషాలైంది. ఇంకా నాకు పది నిమిషాల పైనే మిగులుతాయని లెక్క.

డిస్క్ తగిలించి కాపీ కొట్టాను. కాగితాలు ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి ఎగురుతున్న బొమ్మ వచ్చింది. దాని కింద ఒక అంకె. ఇంకా రెండు వందల అరవై ఏడు నిమిషాలు.

ఇదేం పాడు, పిచ్చి పట్టిందా దీనికి, అనుకున్నాను. ఆపేసి వైరు పీకి ఇంకో కన్నంలో పెట్టాను. మళ్ళీ అదే అంకె. కంప్యూటర్ బంద్ చేసి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. ఈ గొడవలో పది నిమిషాలు గంగలో కలిశాయి. ఇక చేసేదేం లేక కాపీ పెట్టి, ఆ తెర ముందు నిలబడి చూస్తూ ఉన్నాను. సాంచె ఆగితే పోగు ముడేస్తాం, పోగుల దువ్వెన సర్దుతాం, ఏదో ఒకటి చేస్తాం. దీనికి ఏం చెయ్యను? వీపు మీద ఒకటి వేశాను కూడా.

రెండింటికి ట్రక్కు వచ్చింది. సేటు కూడా వచ్చాడు. హమాలీలు ముందు కంప్యూటర్ దగ్గరికే వచ్చారు.

"సేట్, ఇంక అయితలేదు. సాయంత్రం దాక ఉండనియ్యి" అన్నాను.

"సాయంత్రం దాకనా? మూడింటికి నాకా మీద నో ఎంట్రీ పడ్తది, ట్రక్కు ఈడనే ఆగిపోతది."

"నా పని అంత దీంట్లనే ఉన్నది సేట్. ఇరవై రెండేండ్ల పని."

ఆయన వాచీ చూసుకున్నాడు. "నువ్వే గద అరగంట చాలంటివి. నేనేమో పొద్దున ఎనిమిదిన్నరకే చెప్పితి. నువ్వు అరగంట అంటివి, నేను ఆగితి. పది నిమిషాలు ఇస్త, తీసుకో."

కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. ఆయన అన్నదాంట్లో తప్పు వెతకడానికి నాకు సందు దొరకలేదు. పది నిమిషాలయ్యాక హమాలీ వైరు పీకాడు. బొమ్మలో కాగితాలు గాల్లోనే ఆగిపోయాయి.

ఇంటికి పోలేదు. డిస్క్ కొన్న దుకాణానికి సరాసరి పోయాను, అది నాకాకు దగ్గరే. డిస్క్ డబ్బా మీద ఐదు గిగా అని పెద్ద అక్షరాలతో ఉంది. పోతూ పోతూనే డబ్బా అతని ముందు కొట్టాను.

"సెకనుకు ఐదు గిగా అని రాసి అమ్మితివి. నలభై అయిదు నిమిషాలల్ల మూడు గిగాలు ఎక్కించింది. సిగ్గులేదా?"

దుకాణం అతను నెమ్మదస్తుడు. ఈ పేటలోనే పుట్టినవాడు, మాటకో మరాఠీ ముక్క కలుపుతాడు. "ఐకా అక్కా, జర థాంబా, కొంచెం ఆగు. డిస్క్ కొత్తది, సరే. దాన్ని తగిలించిన కన్నం ఎంతది?"

"పన్నెండు."

"పన్నెండు ఏంది?"

"మెగా."

"మెగా ఏంది అక్కా? బిట్లా, బైట్లా?"

ఆ రెంటికీ తేడా ఏంటన్నాను. అతను చీటీ తీసి రాసి చూపించాడు. ఫైల్ బరువు బైట్లలో చూస్తారు. తీగలో పోయే వేగం బిట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పన్నెండు మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే ఒకటిన్నర మెగాబైటు. దాంట్లో నా నాలుగో వంతు తీసేస్తే ఒకటీ పాయింట్ ఒకటి రెండు ఐదు. పద్దెనిమిది వేలను దానితో భాగిస్తే పదహారు వేల సెకన్లు. నాలుగున్నర గంటలకు కొంచెం తక్కువ. అంటే రెండు వందల అరవై ఏడు నిమిషాలు. ఆ కంప్యూటర్ నిజమే చెప్పింది. ఎనిమిదిన్నరకు పోయి ఉంటే ఒంటిగంటకు అంతా అయిపోయి ఉండేది.

"బిట్టు అంటే ఏంది?" అని అడిగాను.

"ఏం లేదక్కా. ఉన్నదా, లేదా. ఒకటా, సున్నానా. అంతే."

అంటే గడి. నిండిన గడి ఒకటి, ఖాళీ గడి సున్న. ఇరవై రెండేళ్ళు పెన్సిల్‌తో బిట్లు నింపి బతికినదాన్ని, బిట్టు అంటే ఏంటని దుకాణంలో నిలబడి అడుగుతున్నాను. ఛీ, నా బతుకు!

కోపం అక్కడితో ఆగలేదు. అతను చెబుతూ పోయాడు, నేను వింటూ మండిపోయాను. మా పాత కంప్యూటర్ లోపలి డిస్క్ మీద వంద అని ఉండేది. అది బైట్లే, భాగించనక్కర్లేదట. అదే డబ్బాకు ముందున్న సీడీ డ్రైవ్ మీద యాభై రెండు అని ఉండేది. అది బిట్లూ కాదు, బైట్లూ కాదు, ఇన్ని రెట్లు అని అర్థమట. ఒక రెట్టు అంటే నూట యాభై కిలోబైట్లు, కాబట్టి యాభై రెండంటే ఏడున్నర మెగాబైట్ల పైన. అది కూడా సీడీ అంచుకు వచ్చినప్పుడే, మధ్యలో ఉన్నప్పుడు సగం కూడా రాదు. వెనక యూఎస్‌బీ కన్నం మీది పన్నెండేమో బిట్లు. ఒకే డబ్బా, మూడు కొలతలు! పోనీ ఇప్పటివైనా తిన్నగా ఉన్నాయా అంటే అదీ లేదు. కొత్త డిస్క్ మీద ఐదు గిగాబిట్లను ఎనిమిదితో కాదు, పదితో భాగించాలట. పది బిట్లు పంపితే సరుకు ఎనిమిదే ఉంటుంది, రెండు బందోబస్తుకు పోతాయి. అంటే ఐదు వందల మెగాబైట్లు. ఆ మాట డబ్బా మీద రాస్తే అచ్చు ఖర్చు పెరుగుతుందా? ఐదు అనే అంకె పెద్దగా కనబడితే చాలు, కొన్నవాడు ఏమైపోతే వాళ్ళకేం?

నూలులోనూ ఇలాంటి మెలిక ఉంది, ఒప్పుకుంటాను. ఇరవై నంబరు నూలు లావు, నలభై నంబరు సన్నం, అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. కొత్తవాళ్ళు తికమకపడతారు. కానీ కొత్తగా సాంచె మీదికి వచ్చినవాడికి మొదటి రోజే ఆ సంగతి చెబుతాం. చెప్పకుండా వాడి చేతిలో నూలు పెట్టి, చెడగొట్టాక నవ్వం.

ఇంటికి బయల్దేరే ముందు అతని కంప్యూటర్‌లోనే డిస్క్ తెరిచి చూశాను. కాపీ నంబర్ల వరసలో సాగింది. ఒకటి, రెండు, మూడు ఫోల్డర్లు వచ్చాయి. నాలుగోది సగంలో తెగింది. అంటే నాకు చేతకాని రోజులు మాత్రం భద్రంగా వచ్చాయి. ఆ వంకర ఆకులు, ఉబ్బిన మొగ్గలు, ఒక వైపు కుంటుతున్న గళ్ళు. చెయ్యి తిరిగాక గీసినవన్నీ, సొసైటీ వాళ్ళ ముందు తలెత్తుకుని పెట్టాల్సినవన్నీ, ట్రక్కులో పోయాయి. ఇరవై రెండో ఫోల్డర్ ముందు లాగాలని నాకెందుకు తట్టలేదు?

ఇంటికొచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకుని చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా అరుపులన్నీ విని తీరిగ్గా అడిగింది.

"నువ్వు లెక్క తప్పినవా, వాళ్ళు మోసం జేసిండ్రా? సక్కగ చెప్పు."

చెప్పాను. చదువు లేని మనిషి, ఆమెకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పాను.

"గంతేనా?" అంది. "వాళ్ళు పన్నెండు బీడీలు అని రాసిండ్రు. నువ్వు పన్నెండు కట్టలు అనుకున్నవ్. కట్టకెన్ని బీడీలో అడగకుంట ఎవరన్న లెక్క జేస్తరానే?"

నేను డిస్క్ మళ్ళీ సంచిలో పడేశాను.

"ఇంగ కొత్త డబ్బాల పదికి ఎనిమిదే లెక్కంటివి గద, అది మా బీడీ కంపెనీ చెక్కర్ లెక్కనే. పది సుట్టియ్యి, రెండు తీసి అవతల పారేస్తడు, ఎనిమిది రాస్తడు. గానికి నువ్వు షోలాపూర్ల పుట్టి కొత్తగ ఏడుస్తవేందే?"

నవ్వొచ్చింది, అంత కోపంలోనూ. నవ్వొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

మర్నాడు సేటు ఇంటికి పోయి కొన్నవాళ్ళ నంబర్ అడిగాను. ఫోన్ చేసి బతిమాలుకుంటే మిగతావి పంపుతారేమోనని ఆశ. ఆయన చాయ్ తాగుతూ అన్నాడు.

"వాళ్ళు దాన్ని సాఫ్ జేసి కొత్తగ ఎక్కిచ్చుకుంటున్నరంట, పొద్దున్నే ఫోన్ జేసి చెప్పిండ్రు. ఉన్నా గూడ అవి నీవి ఎట్లయితయ్ అమ్మా? నీకు జీతం ఇయ్యలేదా?"

"జీతం నా చేతులకు ఇచ్చిండ్రు సేట్. పువ్వు మీ ఇంట్ల పుట్టలే" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయడం బాగుండదు. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడేదాకా అన్నాను.

శనివారానికి ఐదు రోజులు. అమ్మ మంచం మీది చద్దర్ లాగి కింద పరిచాను. అది నేను పోయినేడు గీసిన డిజైన్, దానిమ్మ పువ్వు, చుట్టూ సన్న తీగ. పోగులు లెక్కపెట్టే అద్దం పెట్టి, నేసిన బట్టలోంచి మళ్ళీ గ్రాఫులోకి దించడం మొదలుపెట్టాను. అడ్డంగా రెండు వందల నలభై గళ్ళు, నిలువుగా రెండు వందల యాభై. మొత్తం అరవై వేలు. చూసి, లెక్కపెట్టి, గుర్తు పెట్టడానికి నిమిషానికి ముప్పై గళ్ళు సాగాయి. అంటే నా చేతి వేగం సెకనుకు అరబిట్టు. ఎనిమిదితో భాగిస్తే ఏం మిగులుతుందో చూసుకునే ఓపిక నాకు లేదు. నా పువ్వును నేనే దొంగలాగా అద్దం పెట్టి కాపీ కొట్టుకుంటున్నాననే మంట ఒకటి. ఉతికి ఉతికి చద్దర్ కొన్నిచోట్ల అరిగిపోయింది, అక్కడ గుర్తు తెచ్చుకుని గీశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా ముప్పై మూడు గంటలు పట్టింది.

శనివారం సొసైటీ పెద్దాయన ఆ ఒక్క గ్రాఫును చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు.

"పని మంచిగున్నది. ఇరవై రెండేండ్లల్ల గీ ఒక్కటేనా?"

"వెయ్యి గీసిన. చూపియ్యతగ్గది ఒక్కటే మిగిలింది."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగి ఉంటే అక్కడే అరిచేసేదాన్ని. రెండు నెలలు చూస్తాం, తర్వాత పక్కా చేస్తాం అన్నాడు. ఇరవై రెండేళ్ళ పని తెచ్చి బల్ల మీద పెట్టి ఉంటే ఎవరికీ నన్ను రెండు నెలలు చూడాల్సిన పని ఉండేది కాదు. కొత్తగా చేరిన పిల్లలా తలూపి వచ్చాను.

సోమవారం పనిలో చేరాను. మొదటి పనిగా ఆ దానిమ్మ పువ్వునే వాళ్ళ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాను, సాంచె చదువుకునే ఫైలుగా. దాచాక పక్కన దాని బరువు చూపించింది. ఏడున్నర కిలోబైట్లు.

మళ్ళీ చదివాను. కిలోబైట్లు! అరవై వేల గళ్ళు, ఎనిమిదితో భాగిస్తే ఏడు వేల ఐదు వందల బైట్లు. సరిగ్గా ఉంది. మరి నా స్కాన్లు ఒక్కొక్కటి పద్దెనిమిది మెగాబైట్లు ఎందుకున్నాయి? ఎందుకంటే అవి కాగితం ఫోటోలు. కాగితం రంగు, మడతలు, చెయ్యి చెమట మరకలు, పెన్సిల్ నలుపు, అన్నీ బరువే. పువ్వు బరువు మాత్రం ఏడున్నర కిలోబైట్లే. పాత కార్ఖానాలోనూ నేను గీసిన ప్రతి డిజైన్‌నూ ఇలాగే సాంచె కోసం ఎక్కించాను కదా. ఆ వెయ్యి ఫైళ్ళూ ఆ డబ్బాలోనే, నా స్కాన్ల పక్క ఫోల్డర్‌లోనే ఉన్నాయి. అవి సాంచె తిండి, నా చేతి గీత మాత్రం స్కాన్లలోనే ఉంది అనుకుని వాటి వంక కన్నెత్తి చూడలేదు. నేతగాళ్ళం కదా, చెయ్యి పెట్టిన కాగితమే డిజైన్ అనుకుంటాం, యంత్రం తినేది కాదు.

చీటీ మీద లెక్క కట్టాను. వెయ్యి ఫైళ్ళు, ఒక్కొక్కటి ఏడున్నర కిలోబైట్లు, మొత్తం ఏడున్నర మెగాబైట్లు. అదే పాత కన్నం, అదే పన్నెండు మెగాబిట్లు, ఎనిమిదితో భాగించి, నాలుగో వంతు తీసేసి. తప్పేమోనని మళ్ళీ కట్టాను. మూడోసారి కూడా అదే వచ్చింది.

సాయంత్రం ఇంటికి పోయి గుమ్మంలోనే కూలబడ్డాను. అమ్మ ఏమైందని అడిగింది. పని తీసేశారేమోనని కంగారు పడింది. లేదన్నాను. వెయ్యి డిజైన్లూ ఆ రోజు తెచ్చుకోవచ్చుననీ, సేటు ఇచ్చిన ఆ పది నిమిషాల్లో కూడా తెచ్చుకోవచ్చుననీ, ఏడు సెకన్లు చాలుననీ చెప్పాను.

"ఏడు సెకన్లంటే ఎంతసేపే?" అంది అమ్మ.

నేను వేళ్ళు మడుస్తూ పైకే లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడు.

"గింతనా?" అంది.

"గింతే" అన్నాను.